"వాడికి ఇంట్రెస్ట్ లేదండీ": చదువు మీద ఆసక్తి గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల ఏ హైస్కూల్ స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నా ఈ మాట వినపడుతుంది: "వాడికి ఇంట్రెస్ట్ లేదండీ, మనం ఎంత చెప్పినా అంతే." లెక్కలు చెప్పే టీచరుగా నాకు అభ్యంతరం ఈ మాటతోనే. ఆసక్తి లేదని తేల్చేశాక ఇక మనం చేసేదేమీ ఉండదు, అంతటితో ఆ పిల్లాడిని వదిలేస్తాం.

అపోహ: కొంతమంది పిల్లలకు చదువు మీద ఆసక్తి పుట్టుకతోనే ఉండదు.

పాఠం మొదలవగానే ప్రతి పిల్లాడి మనసులో రెండు ప్రశ్నలు ఉంటాయి. ఇది నా వల్ల అవుతుందా? అయితే దీంతో నాకేమైనా పనుందా? రెండింటిలో ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా పుస్తకం మూసేస్తాడు. నేను చూసినంతలో ఎక్కువమంది ఆగిపోయేది మొదటి ప్రశ్న దగ్గరే. ఎనిమిదో తరగతికి వచ్చినా భాగహారం సరిగా రాని పిల్లాడు ఆ సంగతి బయటికి చెప్పుకోలేడు. నలుగురిలో "వాడికి రాదు" అనిపించుకోవడం కన్నా "వాడు చదవడు" అనిపించుకోవడమే వాడికి నయం. అందుకే నోట్‌బుక్ మర్చిపోతాడు, వెనక బెంచీకి పోతాడు. మనకు కనిపించేది బద్ధకం, లోపల ఉన్నది భయం.

విలోమానుపాతం, అంటే ఒకటి పెరిగే కొద్దీ రెండోది అదే లెక్కన తగ్గే పాఠం తీసుకోండి. పుస్తకంలో పనివాళ్ళు, రోజుల లెక్కలు ఉంటాయి. మా వైపు సగం మంది పిల్లల ఇళ్ళు రొయ్యల చెరువుల మీదే బతుకుతాయి కాబట్టి నేను కౌంట్‌తో మొదలుపెడతాను. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. బోర్డు మీద 25, 50, 100 రాసి, ఒక్కో రొయ్య ఎన్ని గ్రాములుంటుందో చెప్పమంటాను. నోరు విప్పని వెనక బెంచీ నుంచే జవాబులు వస్తాయి: నలభై, ఇరవై, పది. "కౌంట్ పెరిగితే సైజు తగ్గిపోద్ది మాస్టారూ" అని కూడా వాళ్ళే అంటారు. రెండు వరుసల్నీ గుణించి చూడమంటే ప్రతిసారీ వెయ్యే వస్తుంది. సూత్రం నేను రాసేలోపే వాళ్ళకు తెలిసిపోయింది. ఆ పీరియడ్‌లో రెండు ప్రశ్నలకీ "అవును" అనే జవాబే వచ్చింది.

ఒక జాగ్రత్త. రొయ్యల లెక్క చెప్పి అక్కడే ఆగిపోకూడదు. మర్నాడు పుస్తకంలోని లెక్క కూడా వాళ్ళ చేత చేయించాలి. లేకపోతే అది సరదా పీరియడ్‌గానే మిగిలిపోతుంది.

అపోహ: ప్రైజు పెడితే అందరూ చదువుతారు.

ఆ వారం చదువుతారు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇంకొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగతావాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతా రెండు గుంపులతో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు గీశారు. ఉన్న ఇష్టాన్ని సర్టిఫికెట్ తినేసింది. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ అనే పరిశోధకులు ఇలాంటి 128 ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడూ అదే ధోరణి కనిపించింది. ముందే ఆశ పెట్టిన బహుమతి సొంత ఇష్టాన్ని తగ్గిస్తోంది, నిజాయితీగా చెప్పిన మంచి మాట పెంచుతోంది.

ప్రైజులు పూర్తిగా మానేయమని నేను అనను. ఎక్కాలు ముట్టుకోవడానికే ఇష్టపడని పిల్లాడి చేత మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి పనికొస్తుంది. ఇష్టంగా చేస్తున్న పిల్లకు మాత్రం ఆశ చూపించకండి.

అపోహ: "నీది కంప్యూటర్ బుర్రరా!" అంటే పిల్లలకు ఉత్సాహం వస్తుంది.

1998లో ముల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో దీనికి రివర్స్ జరిగింది. తెలివిని మెచ్చుకున్న పిల్లలకు కష్టమైన పజిల్స్ తగిలేసరికి పట్టుదల తగ్గింది. శ్రమను మెచ్చుకున్నవాళ్ళు పట్టు వదల్లేదు. తెలివిని మెచ్చుకున్నవాళ్ళకు, తప్పు చేస్తే తెలివైనవాడన్న పేరు పోతుందని టెన్షన్. అందుకే మెచ్చుకునేటప్పుడు చేసిన పనిని చూపించి చెప్పాలి: "రెండోసారి సరిచూసుకున్నావు చూడు, తప్పు అక్కడే దొరికింది."

అపోహ: భయం లేకపోతే చదువు రాదు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, భయపడే పిల్లాడు డౌటు అడగడు. డౌటు అడగకపోతే వాడికి ఎక్కడ రావట్లేదో మనకెలా తెలుస్తుంది?

అపోహ: ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేకపోతే మనం చేసేదేం లేదు.

కోనసీమలో తల్లి గల్ఫ్‌కి పోయి, మామ్మ దగ్గర పెరిగే పిల్లలు చాలామంది ఉన్నారు. కోతల రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళు తెల్లారకుండానే పొలానికి పోతారు. వాళ్ళు హోంవర్క్ చెప్పలేరు, నిజమే. కానీ తన గురించి పట్టించుకునే మనిషి బళ్ళో ఒకరున్నారని పిల్లాడికి తెలియడం మన చేతిలో ఉన్న పని. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఫిర్యాదే అన్న అలవాటు పోవాలి. మొదటి ఫోన్ మంచి మాటతోనే చేయండి: "మామ్మగారూ, మీ మనవడు ఇవాళ బోర్డు మీద లెక్క తనే చేశాడండీ. ఎలా చేశాడో ఇంటికొచ్చాక మీకు చెప్పమనండి." ఆవిడకు లెక్క రావక్కర్లేదు. వాడు చెబుతుంటే వింటే చాలు. సాయంత్రం ఆరు దాటాక చేయండి, అప్పటికి పని నుంచి వచ్చేసి ఉంటారు.