ఫాండెంట్ ఏనుగు కాళ్ళు ఎందుకు కుంగాయి?

పుట్టినరోజు కేకు మీద నిలబెట్టడం కోసం ఫాండెంట్ అనే మెత్తని చక్కెర ముద్దతో మొట్టమొదటిసారి ఒక ఏనుగు పిల్లను చేశాను. అది జులై నెల, ముసురు పట్టిన రోజులు. రాత్రి పడుకునే ముందు ఆ బొమ్మ నాలుగు కాళ్ళ మీద చక్కగా నిలబడే ఉంది. తెల్లవారి చూసేసరికి కాళ్ళు పొట్టివై, పాదాలు పళ్ళెం మీద పరుచుకుని, పొట్ట అడుగుకు ఆనుకుపోయింది. పల్చగా ఒత్తి అతికించిన చెవుల అంచుల్లో మాత్రం వెంట్రుకల్లాంటి బీటలు కనిపించాయి. ఒకే ముద్దలో నుంచి తీసిన కాళ్ళు మెత్తబడి కుంగితే, చెవులు ఎండి పగిలాయి. చేతికి నేర్పు లేకపోవడమే కారణమని అప్పుడు అనుకున్నాను. తర్వాత ఆ ముద్దలో ఏముందో తెలుసుకుంటూ పోతే, ఈ రెండు లోపాలకూ మూలం నీరేనని అర్థమైంది. ఫాండెంట్ బొమ్మలు కొత్తగా నేర్చుకునేవారికి పనిముట్ల పెట్టె కంటే ముందు కావలసింది ఈ నీటి లెక్క.

ఫాండెంట్ అనే ఫ్రెంచి మాటకు కరిగిపోయేది అని అర్థం. మొదట్లో ఆ పేరు మెత్తటి మిఠాయి ముద్దకు ఉండేది. చక్కెర పాకాన్ని 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, కదపకుండా చల్లార్చి, ఆ తర్వాత బాగా గిలకొడితే అది తెల్లని ముద్దగా మారుతుంది. మన వంటిళ్ళలో దీనికి థర్మామీటరు అక్కరలేదు. చన్నీళ్ళలో వేసిన చుక్క వేళ్ళ మధ్య మెత్తని ఉండగా చేరితే ఉండపాకం వచ్చిందంటారు, అది ఇంచుమించు ఈ దశే. పాకం కాచి కొయ్య అచ్చుల్లో పోసి తీసే పంచదార చిలకలు కూడా చక్కెర బొమ్మలే. అయితే చిలకలో చక్కెర స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని రాయిలా గట్టిపడతాయి. ఫాండెంట్‌లో అలా అల్లుకోనివ్వరు. అక్కడ స్ఫటికాలు నాలుకకు పలుకుగా తగలనంత చిన్నవిగా ఉండి, ప్రతి స్ఫటికం చుట్టూ పల్చని పాకపు పొర ఉంటుంది. ఆ పొర మీద జారడం వల్లనే ముద్ద చేతికి లొంగుతుంది. లిక్విడ్ గ్లూకోజ్ అనే చిక్కని పాకం కలపడం కూడా స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుకోవడానికే. పాకం పలుకు కట్టకుండా మన ఇళ్ళలో నిమ్మరసం పిండడంలోనూ అదే సూత్రం ఉంది; పులుపు తగిలిన చక్కెరలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయి, మిగిలిన చక్కెర వరుసకట్టి స్ఫటికం కాకుండా చేస్తుంది.

కేకు మీద కప్పడానికీ బొమ్మలు చేయడానికీ ఈనాడు వాడే ఫాండెంట్‌ను పాకంతో కాకుండా ఐసింగ్ షుగర్‌తో కలుపుతారు. అందులో అత్యధిక భాగం చక్కెర పొడే. కొద్దిపాటి నీరు, లిక్విడ్ గ్లూకోజ్, నీటిని పట్టి ఉంచే గ్లిజరిన్, కాస్త వనస్పతి, ముద్దకు సాగే గుణం ఇచ్చే జెలటిన్ మిగిలిన భాగం. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీరు దాదాపు 200 గ్రాముల చక్కెరను కరిగించుకుంటుంది. అంటే ముద్దలోకి అదనంగా ఒక చెంచా, అంటే 5 గ్రాముల నీరు చేరితే, అది సుమారు 10 గ్రాముల స్ఫటికాలను కరిగించి 15 గ్రాముల పాకంగా మారుతుంది. చేరిన నీటికి మూడు రెట్ల జారుడు పదార్థం పుడుతుందన్నమాట. తడి చేత్తో ఒక్కసారి ముట్టుకున్న చోట ఫాండెంట్ ఎందుకంత జిగటగా అయిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఫాండెంట్ ఘనమా, ద్రవమా అని అడిగితే టూత్‌పేస్టును గుర్తు చేసుకోవాలి. బ్రష్షు మీద అది పడిపోకుండా నిలుస్తుంది, ట్యూబు నొక్కితే పారుతుంది. ఇలాంటి పదార్థాలు ఒక హద్దు దాటిన ఒత్తిడి పడేవరకు కదలవు, దాటాక ప్రవహిస్తాయి. మనం పిసికేటప్పుడు వేళ్ళు ఆ హద్దును దాటిస్తాయి. చేయి తీసేశాక, బొమ్మ సొంత బరువు ఆ హద్దుకు లోబడి ఉన్నంతవరకు ఆకారం నిలుస్తుంది. నీరు పెరిగితే హద్దు తగ్గుతుంది, వేడి పెరిగినా తగ్గుతుంది. జెలటిన్ సుమారు 35 డిగ్రీల దగ్గర, అంటే ఇంచుమించు మన శరీరపు వేడికే కరుగుతుంది. అందుకే అరచేతుల్లో కాసేపు పిసికితే ముద్ద దారికొస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో బొమ్మ చేయబోతే, చేయి పెట్టకముందే జెలటిన్ పట్టు వదిలేసి ఉంటుంది. అక్కడ తెల్లవారుజామున పని చేసుకోవడం ఉత్తమం.

ఈ కారణాలన్నిటి వల్ల కేకు మీద కప్పే ఫాండెంట్‌తో నేరుగా బొమ్మలు చేయకూడదు. దానిలో సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి కలపాలి. టైలోజ్ పౌడర్ అన్న పేరుతో దొరికేది కూడా ఈ కోవకు చెందినదే. ఇది మొక్కల సెల్యులోజ్ నుంచి తయారయ్యే జిగురు. దాని పొడవాటి అణువుల గొలుసులు నీటిని తమ చుట్టూ కట్టేసుకుంటాయి, దాంతో స్ఫటికాల మధ్య స్వేచ్ఛగా జారే నీరు తగ్గిపోతుంది. 250 గ్రాముల ఫాండెంట్‌కు ఒక చిన్న చెంచా పొడి సరిపోతుంది. కలిపిన వెంటనే తేడా కనిపించలేదని కొత్తవారు ఇంకో చెంచా వేస్తారు, అది పొరపాటు. ఆ గొలుసులు విచ్చుకుని నీటిని పీల్చుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ముద్దను ప్లాస్టిక్ కవరులో గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి ఉంచితే, మర్నాటికి పిండి స్వభావమే మారిపోతుంది.

అయినా నా ఏనుగు నిలబడేది కాదు. దానికి కారణం జ్యామితిలో ఉంది. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతి వివరించాడు: ఒక వస్తువును అన్ని వైపులా రెట్టింపు చేస్తే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది, దాన్ని మోసే కాళ్ళ అడ్డకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. 4 సెంటీమీటర్ల ఏనుగు నిక్షేపంగా నిలబడినా, అదే ముద్దతో అదే పోలికలో చేసిన 8 సెంటీమీటర్ల ఏనుగు కాళ్ళలో ప్రతి చదరపు సెంటీమీటరూ రెట్టింపు భారం మోయాలి. అందువల్ల తొలి బొమ్మ కూర్చున్నదై ఉండాలని నేను గట్టిగా చెబుతాను. కూర్చున్న ఏనుగు బరువంతా వెడల్పాటి పిరుదుల మీద పడుతుంది, కాళ్ళు ముందుకు చాచి ఉంటాయి, అవి దేన్నీ మోయనక్కరలేదు.

దాన్ని ఇలా చేస్తాను. నిమ్మకాయంత ముద్ద తీసుకుని మొదట అరచేతుల మధ్య గట్టిగా నొక్కుతూ, తర్వాత క్రమంగా తేలిక చేస్తూ గుండ్రంగా తిప్పాలి. గట్టిగా నొక్కినప్పుడు లోపలి మడతలు కలిసిపోతాయి, తేలికగా తిప్పినప్పుడు పైపొర నునుపవుతుంది. ఉండ మీద ఒక్క గీత కూడా లేకుండా రావాలి, ఎందుకంటే ఇప్పుడు కనిపించే గీతే రేపు బీట అవుతుంది. ఆ ఉండను ఒక వైపు సన్నగా తిప్పి జామకాయ ఆకారానికి తెస్తే ఒళ్ళు సిద్ధమవుతుంది. దాని పైనుంచి ఎండు స్పెగెటీ పుల్లను నిలువునా గుచ్చి, తల ఆనడానికి అర అంగుళం పైకి వదలాలి. పంటిపుల్ల కంటే ఇది మేలు, పిల్లలు పొరపాటున కొరికినా ప్రమాదం ఉండదు. తలకు మరో ఉండ చేసి, అందులోంచే కొంత ముందుకు లాగి తొండం తీయాలి. విడిగా చేసి అతికిస్తే దాని బరువుకు అతుకు ఊడుతుంది. ఒళ్ళు ఒక రోజు ఆరిన తర్వాతనే తల పెట్టాలి. అతికించడానికి కుంచె కొసతో నీటి చెమ్మ తగిలిస్తే చాలు. ఆ చెమ్మ రెండు వైపులా కాస్త చక్కెరను కరిగిస్తుంది, ఆరేటప్పుడు ఆ చక్కెరే మళ్ళీ స్ఫటికమై రెండు ముక్కలనూ కుట్టేస్తుంది. నీరు కారేంతగా రాస్తే స్ఫటికం కట్టేలోపు ముక్క జారిపోతుంది.

చెవుల బీటల సంగతి చెప్పాలి. చెవి పల్చగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాని బరువుతో పోలిస్తే గాలి తగిలే వైశాల్యం ఎక్కువ. ఆ రాత్రి ముసురులో గాలి నిండా తేమ ఉన్నా, నేను చెవులు ఒత్తింది తిరుగుతున్న ఫ్యాను కింద, అదీ అంటుకోకుండా కార్న్‌ఫ్లోర్ ధారాళంగా చల్లి. కార్న్‌ఫ్లోర్ పైపొర నీటిని పీల్చింది. పైపొర ఎండి కుంచించుకుంటుంటే లోపలి భాగం ఇంకా మెత్తగా ఉంది, ఆ లాగుడుకు అంచులు పగిలాయి. చేతికి వనస్పతి పలుచగా రాసుకుంటే అంటుకోవడమూ ఆగుతుంది, నీరూ బయటికి పోదు. వాడని ముద్దను నిమిషం కూడా గాలికి వదలకూడదు.

కాళ్ళ విషయంలో ఆ ముసురే దెబ్బ తీసింది. గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే స్వచ్ఛమైన చక్కెర కూడా గాలి నుంచి నీరు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. గ్లూకోజ్, గ్లిజరిన్ కలిసిన ఫాండెంట్ అంతకంటే తక్కువ తేమకే చెమర్చుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో బొమ్మ ఆరడానికి అనంతపురంలో కంటే ఎక్కువ రోజులు పట్టేది ఇందుకే. ఆరబెట్టిన బొమ్మలను అట్టపెట్టెలో ఉంచాలి. అట్ట కొంత తేమను తాను పీల్చుకుంటుంది, గాలినీ ఆడనిస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గదిలో ఏ వస్తువు ఉపరితలమైనా 24 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దాని మీద నీటి బిందువులు పేరుకుంటాయి. ఫ్రిజ్ నుంచి తీసిన బొమ్మ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది చెమటలు కక్కకుండా ఎలా ఉంటుంది?

మన ఊళ్ళలో కేకుల మీద ఎక్కువగా ఉండేది విప్పింగ్ క్రీమ్. అందులోని నీరు, తాకిన చోటల్లా ఫాండెంట్‌లోకి పాకుతుంది. బొమ్మ అడుగున దాని వెడల్పుకు సరిపడా ప్లాస్టిక్ బిళ్ళనో, కరిగించి ఆరబెట్టిన చాక్లెట్ పలకనో పెడితే ఆ దారి మూసుకుపోతుంది. రంగులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది: నీళ్ళలా పలుచగా ఉండే తిండి రంగులకు బదులు చిక్కని జెల్ రంగులు వాడాలి, ఏనుగు బూడిద రంగుకు తెల్లముద్దలో పుల్ల కొసతో తీసిన నలుపు జెల్ చాలు.

రెండోసారి కూర్చున్న ఏనుగును చేశాను. ఒళ్ళు ఒక రోజు, తల అతికించాక మరో రెండు రోజులు అట్టపెట్టెలో ఆరింది. కేకు కోసే సమయానికి అరగంట ముందు, చాక్లెట్ పలకతో సహా క్రీమ్ మీద కూర్చోబెట్టాను. కొవ్వొత్తులు ఆర్పేటప్పటికీ దాని తొండం ఎత్తిన చోటే ఉంది.