ఎవరు నువ్వని అడగని యంత్రాలు

హైదరాబాద్‌లో గాలివానకు పెద్ద కరెంటు లైను ఒకటి ట్రిప్ అయితే (దానంతటదే ఆగిపోతే) ఆ సంగతి బెంగళూరులో తెలుస్తుంది. దక్షిణాది గ్రిడ్‌ను కనిపెట్టుకుని ఉండే ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ ఇక్కడే ఉంది. సబ్‌స్టేషన్ల నుంచి ఓల్టేజీ, లోడు, బ్రేకర్ల (లైన్లను కలిపే, విడదీసే పెద్ద స్విచ్‌ల) స్థితి స్కాడా తెరల మీదికి, అంటే దూరం నుంచే గ్రిడ్‌ను గమనించి నడిపే కంప్యూటర్ల మీదికి, వస్తుంటాయి. ఈ నగరంలో ఆటోమేషన్ పని చేసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఈ యంత్రాలకు ఆదేశాలు వెళ్లే తీరు చూసి కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు: "దీనికి పాస్‌వర్డ్ లేదా అన్నా?"

జవాబు కోసం 1979కి వెళ్లాలి. ఆ ఏడాది మోడికాన్ సంస్థ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ల) కోసం మోడ్‌బస్ తెచ్చింది. ఫ్యాక్టరీ గోడల మధ్య యంత్రాలు మాట్లాడుకునే భాష అది. బయటివాడు ఆ కేబుల్ దాకా వస్తాడని ఎవరూ అనుకోలేదు కాబట్టి, ఆదేశం ఎవరిచ్చినా యంత్రం పాటిస్తుంది. మన గ్రిడ్‌లో సబ్‌స్టేషన్లు, కంట్రోల్ సెంటర్లు మాట్లాడుకునే 104 ప్రోటోకాల్ (ఐఈసీ 60870-5-104) కూడా మొదట అలాగే వచ్చింది. ఆనాటి ఇంజనీర్లను నేను తప్పుపట్టను. రిపోర్టులు వెంటనే కావాలని అవే యంత్రాలను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపింది మాత్రం మనమే.

"మాది విడి నెట్‌వర్క్" అన్న ధీమాను 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పోగొట్టింది. అది పెన్‌డ్రైవ్‌తోనూ పాకగలదు.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో నెలల ముందే విద్యుత్ కంపెనీల కంప్యూటర్లలోకి చేరిన హ్యాకర్లు ఆ సాయంత్రం బ్రేకర్లు ఒక్కొక్కటే తెరిచారు. ఆపరేటర్ల కళ్లముందే మౌస్ బాణం దానంతటదే కదిలింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కీవ్‌పై వాడిన ఇండస్ట్రాయర్ అనే మాల్‌వేర్ నేరుగా 104 భాషలోనే మాట్లాడింది.

మన వంతు 2019లో వచ్చింది. కూడంకుళం అణు కేంద్రంలో మాల్‌వేర్ అన్న వార్తను అక్టోబర్ 29న ఆ కేంద్రం వాళ్లు ఖండించారు. మర్నాడే ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. అది సోకింది పరిపాలన పనులకు వాడే కంప్యూటర్‌కే, రియాక్టర్ వ్యవస్థలకు కాదు. అయినా ఆ ఒక్కరోజు దాపరికం నాకు నచ్చలేదు.

2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: భద్రతకు బాధ్యుడైన అధికారి ఉండాలి, నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి, నమ్మకమైన చోటే పరికరాలు కొనాలి. కానీ రిలేలు (లోపం రాగానే లైను ఆపించే పరికరాలు), ఆర్‌టీయూలు (సబ్‌స్టేషన్ సమాచారం కంట్రోల్ సెంటర్‌కు పంపే పెట్టెలు) ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ మార్చాలంటే చాలాసార్లు లైను ఆపాలి, ఎల్‌సీ (లైను ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకోవాలి. నడివేసవిలో అది అంత తేలిగ్గా దొరకదు.