దేవుణ్ణి నమ్మడం: మా విచారణల్లో వినబడే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక విచారణలో, అంటే ఒక ఫాదర్‌గారు చూసుకునే కతోలిక సంఘంలో, ఉపదేశిగా (విశ్వాస విషయాలు నేర్పే సహాయకుడిగా) పనిచేస్తున్నాను. మా దగ్గర ఆదివారం పూజ ఒడియాలో జరుగుతుంది. కొండ ఊళ్ళలో కంధుల భాష కుయిలో పాటలు పాడతారు. ఇంట్లో జపమాల మాత్రం మా తెలుగువాళ్ళం తెలుగులోనే చెప్పుకుంటాం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, ఎటు వెళ్ళినా మనవాళ్ళ నోట ఒక మాట వినబడుతుంది: "దేవుడి మీద భారం వేశాం." కొందరు నిజంగానే వేస్తారు. కొందరు చేయాల్సిన పని చేయకుండా ఆ మాట అనేసి ఊరుకుంటారు. ఇంకొందరు లెక్కలన్నీ లోకం చెప్పినట్టే వేసుకుని, చివర్లో దేవుడి పేరు తగిలిస్తారు. ఈ మూడింటికీ తేడా తెలియకపోవడం వల్ల మన కుటుంబాలకు జరుగుతున్న నష్టం చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

అపోహ: లోకజ్ఞానం దేవుడికి వెర్రితనమని పౌలుగారే రాశారు. కాబట్టి విశ్వాసికి చదువు, లెక్కలు, ప్లానింగ్ అక్కర్లేదు.

పౌలుగారు రాసిన మాట నిజమే (1 కొరింతీ 3:19). ఎవరికి రాశారో కూడా చూడాలి. కొరింతులో "నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని" అంటూ వర్గాలు కట్టారు. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకుంటున్నారు. సిలువను పక్కన పెట్టి మాటకారితనాన్ని, పలుకుబడిని నమ్ముకున్నందుకు ఆయన వాళ్ళను మందలించారు. ఖర్చు లెక్క చూసుకోవద్దని ఆయన ఎక్కడా అనలేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని, పూర్తి చేయడానికి సరిపడా ఉందో లేదో చూసుకోడా అని ప్రభువే అడిగారు (లూకా 14:28). 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 537వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలి. గుడి పైకప్పుకు వసూలు చేసిన డబ్బుకు రసీదు అడిగితే "దేవుడి పనిలో అనుమానాలా" అనేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లెక్క అడగడం అవిశ్వాసం కాదు.

పౌలుగారు హెచ్చరించిన లోకజ్ఞానం మన మధ్య లేదనను. చాలా ఉంది. అయితే అది మనం వెతికే చోట దొరకదు. పెళ్ళిళ్ళ దగ్గర దొరుకుతుంది, ఆ సంగతి కింద రాస్తాను.

అపోహ: నిజంగా నమ్మినవాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడు.

మన జిల్లాల్లో ఈ అపోహ ప్రాణం తీస్తుంది. ఇక్కడ జ్వరం అంటే ముందు మలేరియా గుర్తుకు రావాలి, అందులోనూ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం. ఆలస్యమైతే అది మెదడుకు ఎక్కుతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు మరీ ప్రమాదం. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. వేలి కొస నుంచి ఒక్క రక్తపు బొట్టు తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో గీత కనబడుతుంది. ఫాల్సిపారం అని తేలితే మూడు రోజుల మాత్రలు ఇస్తారు. రెండో రోజుకే జ్వరం దిగిపోయినా కోర్సు పూర్తి చేయాలి.

కొన్ని ప్రార్థన కూటాల్లో "మాత్రలు మానేసి నీ విశ్వాసం చూపించు" అని చెబుతున్నారు. విన్నవాళ్ళు నన్ను అడిగితే సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తెరిచి చదివి వినిపిస్తాను. మందులను నేల నుంచి పుట్టించింది ప్రభువే, తెలివిగలవాడు వాటిని కాదనడు అని అక్కడ ఉంది. ఆ క్రమం కూడా గమనించండి: జబ్బు చేస్తే ప్రార్థించు, పాపం విడిచిపెట్టు, ఆ తర్వాత వైద్యుడికి చోటివ్వు, అతను కూడా నీకు అవసరమే. మన బాప్తిస్టు, లూథరన్ బంధువుల బైబిల్లో ఈ గ్రంథం ఉండదు కాబట్టి వాళ్ళతో మాట్లాడేటప్పుడు కొలొస్సీయులకు రాసిన లేఖ 4:14 చూపించండి. అక్కడ పౌలుగారు లూకాగారిని ప్రియమైన వైద్యుడు అన్నారు. సువార్త రాసినాయనే వైద్యుడు.

అపోహ: ఫాదర్‌గారు నూనె పూయడానికి వచ్చారంటే ఇక పోయినట్టే.

నా పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పెద్దాయన మంచం పట్టి వారాలు గడుస్తాయి. "ఫాదర్‌గారికి చెప్పారా?" అంటే కోడలు గొంతు తగ్గించి, "ఇప్పుడే పిలిస్తే మామయ్యగారు భయపడిపోతారండీ ఉపదేశిగారూ, ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటుంది. ఆమెకు ఆయన మీద ఉన్నది ప్రేమే. కానీ ఆ ఇంకొన్నాళ్ళు గడిచేసరికి ఆయనకు మాట పడిపోతుంది, మింగలేని స్థితి వస్తుంది. ఫాదర్‌గారు అర్ధరాత్రి బండి మీద ఘాట్ రోడ్డు దాటి వచ్చినా, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకునే అవకాశం ఉండదు. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకునే అవకాశమూ ఉండదు. ఆయనకు రావాల్సిన ఆదరణ మన భయం వల్ల రాకుండా పోయింది.

శ్రీసభ ఏం చెబుతుందంటే, ఇది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. పెద్దవాళ్ళు ఇంకా అవస్థాభ్యంగనం అనే అంటారు గానీ, ఇది చావు అంచున ఉన్నవాళ్ళకు మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. జబ్బు వల్లగానీ వృద్ధాప్యం వల్లగానీ ప్రాణాపాయం మొదలైనప్పుడే తీసుకోవాలి. పెద్ద ఆపరేషన్‌కు విశాఖ వెళ్ళేముందు తీసుకోవచ్చు. నయమై మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ తీసుకోవచ్చు, అదే జబ్బు ముదిరినా తీసుకోవచ్చు. యాకోబుగారి లేఖ 5:14-15 చదవండి. మీలో ఎవరైనా జబ్బుపడితే సంఘపు పెద్దలను పిలవండి అని ఉంది, చనిపోతుంటే పిలవండి అని లేదు. నిజానికి మరణానికి దగ్గరైన కతోలికుడికి చివరి ప్రయాణపు ఆహారంగా శ్రీసభ ఇచ్చేది దివ్యసత్ప్రసాదాన్ని.

ఈ అభ్యంగనం గురువు, అంటే ఫాదర్‌గారు మాత్రమే ఇవ్వగలరు. ఉపదేశి ఇవ్వకూడదు, సిస్టర్లు ఇవ్వకూడదు. నేను చేయగలిగింది ఇంటిని సిద్ధం చేయడం. మంచం పక్కన చిన్న బల్ల, మీద ఉతికిన తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, పవిత్ర జలం, నూనె తుడవడానికి కాస్త దూది. టీవీ కట్టేయాలి. పిల్లల్ని బయటికి పంపేయకండి, వాళ్ళూ ఉండాలి. ఈస్టరుకు ముందు పరిశుద్ధ వారంలో మేత్రాణులు (బిషప్‌గారు) ఆశీర్వదించిన తైలాన్ని ఫాదర్‌గారు రోగి నుదుటి మీద, రెండు చేతుల మీద పూస్తారు. ఆ సమయంలో ఇంటివాళ్ళు గదిలో మోకరించి జవాబులు చెబితే రోగి ముఖంలో వచ్చే నెమ్మది చూడాలి. భయపడేది ఎప్పుడూ రోగి కాదు, మనమే. చాలామంది పెద్దవాళ్ళు "ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదర్రా" అని పిల్లల్నే అడుగుతారు.

అపోహ: నవదిన జపాలు ఒక్కరోజు తప్పకుండా చేస్తే అడిగింది వచ్చి తీరాలి.

పునీత అంతోనివారికి, నిత్య సహాయమాతకు నవదిన జపాలు చేయడం మంచి భక్తి. నేనూ చేస్తాను. ఏడో రోజు మానేశానని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టకపోతే అరిష్టం జరుగుతుందేమోనని ఏడుస్తూ వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం గుండె తరుక్కుపోతుంది. లోపలి మనసుతో పనిలేకుండా, పైకి చేసే క్రియకే ఫలితం వస్తుందనుకుంటే అది మూఢనమ్మకం అవుతుందని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2111వ పేరా చెబుతుంది. వాట్సాప్‌లో "ఈ ప్రార్థన పదకొండు మందికి పంపకపోతే చెడు జరుగుతుంది" అని వచ్చేవి నేరుగా డిలీట్ చేయండి. పాపమేమీ లేదు. పూజ కానుక విషయం కూడా ఇంతే. ఎక్కువ ఇస్తే పూజ ఫలం ఎక్కువ రాదు. ఏమీ ఇవ్వలేని పేదవాళ్ళ కోరిక మీద కూడా పూజ చేయాలని శ్రీసభ చట్టం 945 గురువులను గట్టిగా కోరుతుంది. చేతిలో డబ్బు లేదని చనిపోయిన తల్లి పేరున పూజ చెప్పించడం మానుకోకండి. వెళ్ళి ఫాదర్‌గారిని అడగండి.

ముహూర్తాల సంగతి ఒక్క మాటలో చెబుతాను. మూఢమని పెళ్ళి తేదీ మార్చేవాళ్ళు, బిడ్డకు నలతగా ఉంటే ఆదివారం పూజకు వచ్చి సోమవారం ఎవరికీ తెలియకుండా దిసారి (కొండ ఊళ్ళ పూజారి) దగ్గరికి వెళ్ళేవాళ్ళు మనలో ఉన్నారు. చుట్టుపక్కలవాళ్ళ ఆచారాలను మనం చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ జ్ఞానస్నానంలో మనం ఇచ్చిన మాట వేరు. ఆ రెండూ కలిసి నడవవు.

అపోహ: కట్నం, పెళ్ళి విందు, వాటికి అప్పు, ఇవి లోకవ్యవహారాలు. విశ్వాసానికి వీటితో సంబంధం లేదు.

నేను పైన వాయిదా వేసిన సంగతి ఇది. మన విచారణల్లో లోకజ్ఞానం చదువుకున్న కుర్రాడి తలలో కూర్చోలేదు. "నలుగురూ ఏమనుకుంటారు" అనే మాటలో కూర్చుంది. సంబంధం పార్వతీపురం నుంచో, పలాస వైపు నుంచో వస్తుంది. రెండు వైపులా జ్ఞానస్నానం పొందినవాళ్ళే. ముందుగా జపం చేసుకుంటారు. ఆ తర్వాత అబ్బాయి తరపు పెద్దాయన మెల్లగా మొదలుపెడతారు: "మేమేమీ అడగం. మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకుంటారో పెట్టుకోండి. అయితే ఏమీ తీసుకోకపోతే అబ్బాయిలో లోపం ఉందనుకుంటారు కదా బావగారూ." అంతే. అమ్మాయి తండ్రి ముఖం చూస్తే తెలిసిపోతుంది, పొలం మీద అప్పు తేవడానికి మనసులో సిద్ధమైపోయారని. "దేవుడే చూసుకుంటాడు" అని ఆయన అప్పుడు అంటారు. పెళ్ళి ప్రకటనలు గుడిలో మూడు ఆదివారాలు చదువుతాం. కట్నం గురించి ఒక్కరూ నోరెత్తరు.

1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ చట్టరీత్యా నేరం. దేశ చట్టం సంగతి అలా ఉంచుదాం. శ్రీసభ దృష్టిలో వివాహాన్ని వివాహం చేసేది వధూవరుల స్వేచ్ఛాసమ్మతి (చట్టం 1057). విందు కాదు, బంగారం కాదు, బైకు కాదు. అప్పు తెచ్చి పరువు నిలబెట్టుకోవడానికి విశ్వాసం అవసరం లేదు, ఎవరైనా చేయగలరు. "మేము కట్నం తీసుకోం, విందు మా శక్తికి తగ్గట్టే పెడతాం" అని ఒక తండ్రి బంధువుల మధ్య నిలబడి అంటే, అక్కడ నాకు దేవుడి మీద నమ్మకం కనబడుతుంది. అలా అన్నవాళ్ళు మా వైపు ఉన్నారు. నాలుగు నెలలు మాటలు పడ్డారు. ఆ కోడళ్ళు ఇప్పుడు గుడిలో పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నారు.

అబ్బాయిల తల్లులకు నా మనవి: ఈ విషయంలో ముందడుగు మీరే వేయాలి. అమ్మాయి తండ్రి వేయలేరు.

అపోహ: కష్టాలు వస్తున్నాయంటే విశ్వాసం తక్కువైందనే.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని. ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పారు (యోహాను 9:3). యోబు స్నేహితులు కూడా ఇదే తర్కం పట్టుకుని వేలాడారు, చివరికి దేవుడు వాళ్ళ మీదే కోపించాడు. మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. 2008 ఆగస్టులో పక్కనే ఉన్న కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ఇళ్ళూ చర్చిలూ కాలిపోయినప్పుడు వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. విశ్వాసం తక్కువైనవాళ్ళా వాళ్ళు? అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న 35 మందిని ధన్యులుగా ప్రకటించే ప్రక్రియ మొదలుపెట్టడానికి 2023లో రోమ్ అనుమతి ఇచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని "ప్రార్థన సరిపోలేదేమో" అని ఎవరైనా అంటే దయచేసి అడ్డుకోండి. ఆ ఇంట్లో ఆ మాట ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

అపోహ: దేవుడి చిత్తం తెలియాలంటే కళ్ళు మూసుకుని బైబిలు తెరవాలి. వేలు పడిన వాక్యమే జవాబు.

కేరళలో పనికి వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా? పిల్లను నర్సింగ్‌లో చేర్చాలా? ఇలాంటి ప్రశ్నలకు యువకులు ఈ దారి ఎంచుకుంటున్నారు. బైబిలు చీటీల పెట్టె కాదు. యేసు పెంపుడు తండ్రి పునీత జోజప్పగారిని చూడండి. ఆయనకు దూత కలలో చెప్పింది, ఆ రాత్రే లేచి బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు బయలుదేరారు. తిరిగి వచ్చేటప్పుడు యూదయాలో హేరోదు కొడుకు అర్కెలాసు ఏలుతున్నాడన్న వార్త విని అటు వెళ్ళడానికి జంకారు. మళ్ళీ కలలో హెచ్చరిక అందాక గలిలయకు మళ్ళారు (మత్తయి 2:22). ఆయన వార్తలు కూడా విన్నారు, పరిస్థితి చూశారు, దేవుడు చెప్పింది చేశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇంకోసారి అధికారులు కొండవాలు ఖాళీ చేయమంటే ఇంట్లో కూర్చుని జపమాల చెప్పకండి. జపమాల చేతిలో పట్టుకుని బయలుదేరండి.

నిర్ణయం తీసుకోవాల్సిన యువకులకు నేను చెప్పే పద్ధతి పునీత లొయోలా ఇగ్నేషియస్‌వారిది. మనసు చీకటిగా, దిగులుగా, టెన్షన్‌గా ఉన్నప్పుడు ముందు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చకూడదు. మనసు కుదుటపడేదాకా ఆగి, రెండు దారుల మంచిచెడ్డలూ కాగితం మీద రాసి, దాన్ని దివ్యసత్ప్రసాదం ముందు పెట్టి కూర్చోవాలి. ఆజ్ఞలకు విరుద్ధమైన దారి అయితే దాని గురించి ప్రార్థించి అడగాల్సింది ఏమీ లేదు, అది ముందే తేలిపోయింది. కేరళ వెళ్ళాలనుకుంటే పనిచేసే చోటు చిరునామా, ఏజెంటు చెప్పిన జీతం, ఆదివారం సెలవు ఉందో లేదో, దగ్గర్లో గుడి ఎక్కడుందో ముందే రాసుకోండి. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో, ఒకటి మీ ఉపదేశి దగ్గర ఉంచండి. వెళ్ళేముందు ఫాదర్‌గారి దగ్గర ఉత్తరం తీసుకుంటే అక్కడి విచారణలో మిమ్మల్ని తమవాళ్ళుగా చేర్చుకుంటారు.