రైకాల ఒంటెల సంత: అపోహలు - వాస్తవాలు

రాజస్థాన్‌లో ఒంటెల వైద్యం చేస్తున్న నన్ను, సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా అక్కడి పుష్కర్ పట్టణంలో ఏటా జరిగే పుష్కర్ మేళా గురించి అడుగుతుంటారు. ఆ మాటల్లో తరచూ దొర్లే అపోహలు మూడు.

అపోహ: పుష్కర్ మేళా ఒక ఉత్సవం, ఒంటెలు దానికి అలంకారం.

వాస్తవం: ఒంటెల పెంపకమే వృత్తిగా మందలతో తిరిగే రైకా కులస్థులకు అది ముందుగా సంత. ఎదిగిన మగ ఒంటెలను అమ్ముకోవడం, చుట్టాలను కలుసుకోవడం, పెళ్లి సంబంధాలు మాట్లాడుకోవడం అన్నీ అక్కడే సాగేవి. మన సంతల్లో ఎద్దుకు చూసినట్టే, కొనేవాడు మొదట ఒంటె నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పాలపళ్లు ఊడి ముందు జత పళ్లు వచ్చేది సుమారు ఐదో ఏట కనుక, వయసు విషయంలో అమ్మేవాడి మాట కంటే పన్నుకే విలువ ఎక్కువ. ఆ తర్వాత నడిపించి, కూర్చోబెట్టి, లేపి చూసి, అప్పుడు బేరానికి దిగుతాడు. కార్తీక పౌర్ణమికి యాత్రికులూ కెమెరాలూ చేరేసరికి బేరాలు చాలావరకు ముగిసిపోతాయి. (ఫొటోలు చూసి మేళా కళకళలాడిందనుకునేవారికి ఈ సంగతి తెలియదు.)

అపోహ: కొత్త తరానికి సంప్రదాయం పట్టకపోవడం వల్లే సంత పలచబడింది.

వాస్తవం: ఇందిరాగాంధీ కాలువ నీళ్లు పారిన చోట మేత భూములు సాగులోకి వెళ్లాయి, ఒంటెబండి పనిని ట్రాక్టర్లు లాక్కున్నాయి. ఆడ ఒంటె సుమారు పదమూడు నెలలు మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. ఆడదాన్ని బయటివారికి అమ్మకూడదన్నది రైకాల పాత కట్టుబాటు, పాలు అమ్మడాన్నీ తప్పుగానే చూసేవారు. రాబడి అంతా మగ ఒంటె మీదే ఆధారపడినప్పుడు, దానికి ధర పలకకపోతే మందను నిలుపుకోవడం ఎవరి తరమూ కాదు.

అపోహ: చట్టం వచ్చింది కనుక ఇక ఒంటెకు భయం లేదు.

వాస్తవం: 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు, 2015 చట్టం వధను నిషేధించి, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించడానికి వీల్లేకుండా చేసింది. ఉద్దేశం మంచిదే అయినా, పొరుగు రాష్ట్రాల కొనుగోలుదారులు రావడం తగ్గి మగ ఒంటెల ధర పడిపోయింది. పశుగణన ప్రకారం 2012లో రాజస్థాన్‌లో 3.26 లక్షల ఒంటెలుండగా, 2019 నాటికి 2.13 లక్షలే మిగిలాయి. తగ్గుదల అంతకు ముందే మొదలైంది కనుక నెపమంతా చట్టం మీద వేయను. అయితే నిరుడు నేను పళ్లు చూసి వయసు చెప్పిన మూడు మగ ఒంటెలు, పాలపళ్లైనా ఊడనివి, అడిగేవాడు లేక వచ్చిన దారినే తిరిగి నడిచి వెళ్లాయి.