ఉప్పెన తాకినంత మాత్రాన నేల చచ్చిపోదు: దివిసీమ రైతుల అపోహలు - వాస్తవాలు

భూసార పరీక్ష కేంద్రంలో నా బల్ల మీదకు ఏటా ఎండాకాలం ఒకే రకం సంచి వస్తుంది. విప్పితే తెల్లటి పెచ్చులు. చేనులో పైకి తేలిన ఉప్పును గీకి, మట్టి అని తెస్తారు. దానికి ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, చూస్తే అంకె ఎక్కడో ఉంటుంది. "ఇంక లాభం లేదు కదండీ" అంటాడు రైతు. అప్పటికే రొయ్యల చెరువులకు పొలాలు కొనే బేరగాడు వాళ్లింట్లో టీ తాగి వెళ్లుంటాడు.

అపోహ: సముద్రపు నీళ్లు ఎక్కిన పొలం ఇక పనికిరాదు. దివిలో బతుకు లేదు, అమ్ముకుని పోవాలి.

1977 నవంబరు 19న దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన ఈ ఊళ్ల మీద పడింది. పది వేల మంది పోయారు. మా అమ్మమ్మగారిది కోడూరు దగ్గర పల్లె. తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లలో మా పెద్ద మామయ్య ఒకడు. ఆ రోజు గురించి అడిగితే లేచి వెళ్లిపోతాడు. ఆ తర్వాత పోసిన నారు గురించి అడగండి, గంట కూర్చోబెడతాడు. మొదటి ఏడు నాటిన మొక్క నాటినట్టే ఎండింది. రెండో ఏడు మచ్చలు మచ్చలుగా పండింది. మూడో ఏడు తిండిగింజలు ఇంటికొచ్చాయి. "పచ్చగడ్డి కనపడ్డ రోజు మీ అత్త ఏడ్చిందిరా" అంటాడు.

ఇందులో మహిమేమీ లేదు, లెక్కే ఉంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పు. పది సెంటీమీటర్ల నీళ్లు ఎకరంలో నిలిచి అక్కడే ఇగిరిపోతే మిగిలే ఉప్పు 14 టన్నులు. అదే నీటిని గట్లకు గండి కొట్టి రెండు మూడు రోజుల్లో మురుగు కాలువలోకి పంపేస్తే అందులో చాలా భాగం నీటితోనే పోతుంది. నేలలో దిగిన మిగతాది మంచినీళ్లకు కరుగుతుంది. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కాలువ నీళ్లు మడిలో నిలగట్టి, వదిలి, మళ్లీ నిలగట్టాలి. ఒకేసారి నింపి వదిలేయడం కంటే ఇలా విడతలుగా చేస్తే తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు కడుగుతుంది. మన నల్లరేగడిలో ఇది నిదానంగా సాగుతుంది, ఒక్క ఏడుకు తెమలదు. మధ్యలో పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి కలియదున్నండి. వరి వేస్తే చౌడును తట్టుకునే రకం వేయండి, మచిలీపట్నం పరిశోధన స్థానం వాళ్ల ఎంసీఎం 100 లాంటిది.

మరి మోసపోయేది ఎక్కడ? ఏప్రిల్, మే నెలల్లో. తుపాన్లు ఎక్కువగా వరి కోతల ముందు వస్తాయి. తర్వాత వానల్లేవు, కాలువ కట్టేస్తారు. ఎండకు కింది తడి పైకి లేస్తుంది, ఉప్పునూ పైకి తెస్తుంది. చేను సున్నం కొట్టినట్టు కనపడుతుంది. అది చూసి హడలి అమ్ముతారు. మే నెలలో నేలను చూసి సంతకం పెట్టకండి బాబూ! పెచ్చు తీసేసి జానెడు లోతున ఒక సంచి, దాని కింద ఇంకో సంచి మట్టి తీసి తెండి. ఒకసారి వానాకాలం పోయాక మళ్లీ తెండి. అప్పుడు మాట్లాడుకుందాం.

ఒక్కరోజు వచ్చిపోయిన ఉప్పు కంటే ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు నిలబెట్టిన రొయ్యల చెరువు ఎక్కువ చెరుపు చేస్తుంది. పక్క చేనుకూ ఊట కొడుతుంది. దాన్ని తిరిగి వరికి తేవడం చాలా కష్టం.

అపోహ: జిప్సం చల్లితే ఉప్పు విరిగిపోతుంది. జిప్సం కారుచౌడుకు, అంటే సోడియం పట్టి బిగుసుకున్న నేలకు, మందు. సముద్రపు నీరు వదిలేది ముందు పాలచౌడు, అంటే నీటిలో కరిగే ఉప్పు; దానికి మందు మంచినీళ్లే. కడిగాక పీహెచ్ పెరిగి నేల బిగుసుకుంటే అప్పుడు జిప్సం. పరీక్ష చేయించకుండా బస్తాలు మోయకండి.

అపోహ: బోరు ఇంకా లోతుకు దించితే తీపి నీళ్లు పడతాయి. ఇసుక దిబ్బల్లో మంచినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద. తాతలు ఇసుకలో లోతులేని నీటిగుంటలు, దొరువులు, ఊరికే తవ్వలేదు.

అపోహ: మడ అడవి ఉంటే ఉప్పెన రాదు. అల జోరు తగ్గిస్తుంది. అంత ఎత్తు నీటిని ఆపదు. పొమ్మన్నప్పుడు షెల్టరుకు పోవాల్సిందే. 1990 మేలో ఇంచుమించు ఇక్కడే పెద్ద తుపాను తీరం దాటింది. ముందే జనాన్ని తరలించడంతో చావులు వెయ్యి లోపే ఆగాయి. 1864లో బందరు (మచిలీపట్నం) మీద పడ్డ ఉప్పెనలో 30 వేల మంది పోయారంటారు, బందరు ఇవాళ్టికీ ఉంది.

దివి నిలుస్తుందా అంటే నాకు బెంగ లేదని చెప్పను. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు పైన జలాశయాల్లోనే ఆగిపోతోంది, డెల్టా మెల్లగా కుంగుతోంది. మురుగు కాలువలు సముద్రంలో కలిసే చోట్లు, మొగలు, ఇసుకతో పూడితే పోటు నీళ్లు వెనక్కి తంతాయి. అర్జీలు పెట్టాల్సింది ఈ మొగల పూడిక గురించి. ఊళ్లో మాత్రం ఎవరూ మొగ మాట ఎత్తరు, ఎకరం ఎంత పలికిందన్నదే చర్చ.

నాగాయలంక వైపు నుంచి ఒకాయన నాలుగేళ్ల కిందట పెచ్చుల సంచితో వచ్చాడు. అడ్వాన్సు తీసుకున్నానన్నాడు. తిరిగిచ్చేయమని నేను చెప్పలేదు, జానెడు లోతున మట్టి తెమ్మన్నాను. తెచ్చాడు. దసరా వెళ్లాక మళ్లీ తెచ్చాడు. ఈసీ 11 ఉన్నది 5కు దిగింది. కాగితం అటూ ఇటూ తిప్పి, "మీ మిషను బాగానే ఉందా అండీ?" అని అడిగాడు.