టౌన్ అసలు అర్థం కంచె

విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ ‘వన్ టౌన్’ అనే మాట ఏనాడో తెలుగైపోయింది. ఈ టౌన్‌కు జర్మన్‌లో ఉన్న తోబుట్టువు ‘త్సౌన్’. దాని అర్థం పట్టణం కాదు, కంచె. అదే మాటకు డచ్‌లో తోట అనీ, ఐస్‌లాండ్‌లో ఇంటి చుట్టూ ఎరువు వేసి పెంచే గడ్డినేల అనీ, నార్వేలో పల్లె ఇళ్ల నడుమ ముంగిలి అనీ అర్థాలు. కంచె, దాని లోపలి నేల, ఆ నేల మీది ఇళ్లు: ఒక్కొక్క భాష ఒక్కొక్క చోట ఆగింది. పాత ఇంగ్లీషులో ‘టూన్’ అంటే కంచె వేసిన కమతం. కింగ్‌స్టన్, వాషింగ్టన్ పేర్ల చివర ఉన్నది అదే.

నాకు అర్థం కంటే మొదటి హల్లే ఆసక్తికరం. 1818లో డేనిష్ భాషావేత్త రాస్క్, 1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం, సంస్కృతానికీ చాలా యూరప్ భాషలకూ తల్లి అయిన మూలభాషలోని దకారం ఇంగ్లీషు, జర్మన్, డచ్ వంటి జర్మానిక్ భాషల్లో టకారమవుతుంది. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘ద్వి’, ‘దశ’, ‘దంతం’ పక్కన ఇంగ్లీషు టూ, టెన్, టూత్ పెట్టి చూడండి. తరువాత దక్షిణ జర్మనీ వైపు ఆ టకారం మళ్లీ మారి, ‘చలి’, ‘చాప’ అన్నప్పుడు మనం పలికే దంత్య చకారమైంది: త్స్వై, త్సేన్, త్సాన్. టౌన్ త్సౌన్ అయిందీ ఇలాగే. ఇంగ్లీషుకూ డచ్‌కూ ఈ రెండో మార్పు తగలలేదు.

సూత్రాన్ని వెనక్కి తిప్పితే టౌన్ ఒకప్పుడు దకారంతో మొదలై ఉండాలి. ఐరిష్ వంటి కెల్టిక్ భాషల్లో కోటను ‘దూన్’ అంటారు; ఫ్రాన్స్‌లోని లియోన్ పాత పేరు లుగ్దూనుమ్, వెర్దన్ పాత పేరు విరోదూనుమ్. అయితే రెండూ ఒకే తల్లి బిడ్డలని తొందరపడకూడదు. శబ్దం కలిస్తే చాలు చుట్టరికం కలిపేసే వాట్సాప్ నిరుక్తాలు మనకు కొత్త కాదు. కెల్టిక్‌లోని దకారం ఇక్కడ మూలభాషలోని ధకారం నుంచి వచ్చింది. ఆ ధకారం జర్మానిక్‌లో చివరికి డకారమే అవుతుంది, ‘విధవ’కు ఇంగ్లీషు ‘విడో’ అయినట్టు. అంటే సొంత వారసత్వమే అయితే ఇంగ్లీషువాళ్లు నేడు టౌన్ అనక ‘డౌన్’ అనాలి. అలా అనడం లేదు కనుక, కెల్టిక్‌లో ధకారం దకారంగా మారిపోయిన తరువాత జర్మానిక్ జాతులవాళ్లు కెల్టుల దగ్గర ఈ మాటను అరువు తెచ్చుకున్నారనీ, గ్రిమ్ చెప్పిన మార్పు ఇంకా ముగియక ముందే తెచ్చుకున్నారనీ భాషావేత్తల్లో ఎక్కువమంది భావిస్తారు. తరువాత జర్మానిక్ జాతుల నుంచి స్లావులు తీసుకున్న ‘తిన్’ రష్యన్‌లో ఇప్పటికీ కంచే.