క్యారవాన్‌కు సోలార్: విశాఖలో తరచుగా వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో క్యారవాన్లకు సోలార్ బిగించే పనిలో ఉన్నందువల్ల, వాహనం తెచ్చినవారు మొదట అడిగే ప్రశ్న నాకు ముందే తెలుసు: ‘ఎన్ని వాట్ల ప్యానెల్ పెడదామండీ?’ రోజుకు ఎంత కరెంటు వాడతారో తేలితే బ్యాటరీ తేలుతుంది, బ్యాటరీ తేలిన తరువాతే ప్యానెల్ లెక్క వస్తుంది. ఈ వరుస తలకిందులు కావడం వల్లే కింది అపోహల్లో సగం పుడుతున్నాయి.

అపోహ: 300 వాట్ల ప్యానెల్ 300 వాట్లు ఇస్తుంది.

ప్యానెల్ వెనుక ముద్రించే అంకె, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురులో, ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండగా ప్రయోగశాలలో కొలిచినది. మే నెల మధ్యాహ్నం వాహనం కప్పు మీద సెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 శాతం చొప్పున తగ్గుతుంది కాబట్టి, ఎండ ఎంత మండినా ఎనిమిదో వంతు అక్కడే పోతుంది. కప్పుకు అతికించే వంగే ప్యానెళ్లను నేను సిఫారసు చేయకపోవడానికి కారణం ఇదే. వాటి అడుగున గాలి ఆడదు. నీడ ఇంతకన్నా నష్టం చేస్తుంది. ఏసీ డబ్బా నీడ ఒక మూల పడినా, ఆ వరుస సెల్స్‌ను బైపాస్ డయోడ్ (నీడ పడ్డ భాగాన్ని దాటించి కరెంటును పంపే భాగం) పక్కన పెట్టేస్తుంది, ప్యానెల్‌లో మూడో వంతు పోతుంది.

అపోహ: ప్యానెల్ వాలుగా లేకపోతే దండగ.

విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, అప్పుడు పడుకోబెట్టిన ప్యానెలే మేలు. డిసెంబరులో మాత్రం దాని మీద పడే వెలుతురు మిట్టమధ్యాహ్నం కూడా నాలుగో వంతు తగ్గుతుంది. అరకు ప్రయాణాలు ఎక్కువగా చలికాలంలోనే కాబట్టి, లెక్క ఆ నెలలకు వేసుకోవాలి.

అపోహ: లిథియం అంటే ప్రమాదం, ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీయే క్షేమం, చవక.

లిథియం బ్యాటరీలన్నీ ఒక జాతివి కావు. క్యారవాన్‌కు వాడవలసినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం; ఇతర లిథియం రకాలతో పోలిస్తే ఇది వేడికి నిలకడగా ఉంటుంది. ఇక చవక సంగతి. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్, రాత్రంతా తిరిగే ఫ్యాన్, లైట్లు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపితే ఒక కుటుంబానికి రోజుకు 900 వాట్-అవర్ల (వాట్లను వాడిన గంటలతో గుణించిన లెక్క) దాకా పడుతుంది. ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలోని 1800 వాట్-అవర్లలో 900 మాత్రమే చేతికి వస్తాయి. దాని బరువేమో 50 కిలోలు దాటుతుంది. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియంలో 1280 ఉంటే 80 శాతం, అంటే వెయ్యికి పైగా, నిశ్చింతగా వాడుకోవచ్చు. బరువు పన్నెండు కిలోల ప్రాంతం. పైగా నీళ్లు పోసే ఈ ట్యూబులర్ బ్యాటరీ ఘాట్ రోడ్డు మలుపుల్లో తొణుకుతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు పడుకునే వాహనంలో దానికి చోటు లేదని నా అభిప్రాయం.

లిథియానికీ ఒక పట్టింపు ఉంది. సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేస్తే బ్యాటరీ సెల్ శాశ్వతంగా చెడుతుంది. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో చలి ఆ దరిదాపులకు వస్తుంది కనుక, చలిలో చార్జింగ్ ఆపే ఏర్పాటు బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే సర్క్యూట్‌లో) ఉందో లేదో కొనేముందే అడగాలి.

అపోహ: ఇంజన్ బ్యాటరీ నుంచి క్యారవాన్ బ్యాటరీకి ఒక వైరు లాగితే చాలు.

ఖాళీ లిథియం బ్యాటరీ దొరికినంత కరెంటు గుంజుతుంది, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పే కరెంటు యంత్రం) వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో ఆ కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి. వానాకాలంలో ప్యానెల్ చేయలేని పని చేసేది కూడా అదే.

అపోహ: కప్పు నిండా ప్యానెళ్లు వేస్తే రాత్రంతా ఏసీ.

టన్ను ఏసీ రాత్రికి నాలుగు నుంచి ఆరు యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు) తాగుతుంది. టెంపో ట్రావెలర్ కప్పు మీద 540 వాట్లవి రెండు పట్టినా, మంచి ఎండ రోజున నాలుగైదు యూనిట్లు వస్తే గొప్ప, అందులో ఫ్రిజ్ వాటా కూడా ఉంది. అంత పెద్ద ప్యానెళ్లకు చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ (ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జింగ్ పెట్టె) పెడితే వచ్చేది కూడా సగానికి పైగా వృథా; ప్యానెల్ ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ రకం పెట్టాలి.

అపోహ: బిగించాక చూడనక్కరలేదు.

రుషికొండలోనో భీమిలిలోనో తీరాన నిలిపిన వాహనానికి ఈ మాట బొత్తిగా వర్తించదు. ఉప్పుగాలి అద్దం మీద పొరలా పేరుకుంటుంది, మంచినీళ్లతో కడగాలి. కంటికి కనిపించని చోట జరిగేది వేరు: లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) మీది స్లీవు వెనక్కి లాగి చూస్తే రాగి పోగుల మీద పచ్చటి చిలుం పట్టి ఉంటుంది, పైకి మాత్రం వైరు కొత్తదిలాగే కనిపిస్తుంది. కళాయి పూసిన రాగి వైరు వాడి, లగ్గును హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కించి, దాని మీద జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగాలి. చార్జింగ్ నడుస్తుండగా కంట్రోలర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ పోల్స్ దగ్గర 13.6 చూపితే, 20 ఆంపియర్ల దగ్గర 12 వాట్లు ఆ వైరులోనూ కీళ్లలోనూ వేడిగా మారుతున్నాయని అర్థం. ఆ వేడి ఎక్కువగా ఒక్క లగ్గు దగ్గరే పుడుతుంది. మామూలు మల్టీమీటరుతో ఎవరైనా చేయగల పరీక్ష ఇది, వానాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి చేయాలి.